వినడం కూడా పాఠమే

మన అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదువు ఉంది. ఈ చదువు తరగతి గదిలోనే అయిపోదు. ఊళ్లకు వెళ్లాలి. జనం చెప్పేది వినాలి. దాన్నే ఫీల్డ్‌వర్క్ అంటారు.

కానీ తరగతిలోనే ఆ వినడం కనిపించదు. ఏ కాలేజీలోనైనా చూడండి. పాఠం నడుస్తుంటే ఫోన్లు, వెనక బెంచీలో కబుర్లు. వాటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. కులం గురించో, ఇంట్లో తాగుడు గురించో ఒకమ్మాయి ధైర్యం చేసి మాట్లాడుతుంది. వెనక నుంచి కిసుక్కున నవ్వు. అంతే, ఆ అమ్మాయి మళ్లీ నోరు విప్పదు.

వేరుశనగ పంట ఎండి, బెంగళూరుకు వలసపోయి వచ్చిన తల్లి ముందు రేపు ఈ విద్యార్థులే కూర్చోవాలి. ఆమె చెబుతుంటే ఫోన్ చూస్తే, ఆమె ఇంకేం చెబుతుంది? వినడమే ఈ వృత్తికి మొదటి పనిముట్టు. అవును, వినడమే. అది తరగతిలోనే అలవడాలి.

అధ్యాపకులకూ ఒక మాట. మొదటి వారంలోనే విద్యార్థులతో కలిసి నియమాలు రాసుకోండి. ఎవరైనా తప్పితే అందరి ముందూ తిట్టకండి, తర్వాత పక్కకు పిలిచి అడగండి. గుంతకల్లు నుంచి రైల్లో వచ్చే పిల్లవాడికి రోజూ ఆలస్యమవుతుంటే, కారణం నిర్లక్ష్యమో, రైలో అడిగితేనే కదా తెలిసేది.