ఆలుగడ్డను తొలిచే పురుగు – దాని వెంటపడే మిత్రుడు
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు ఇచ్చిన కాస్త సమయాన్నీ నేనొక పురుగుకు కేటాయిస్తున్నాను. నేను శాస్త్రవేత్తను కాను, గుమాస్తాను. సర్వీసులో కొన్నేళ్ళు సేద్యానికి సంబంధించిన ఫైళ్ళు చూశాను. రిటైరయ్యాక తీరిక దొరికి ఆ విషయాలే చదువుకుంటున్నాను.

మనం ఉంటున్న చోటుకు ఈ సంగతి కొత్తదేమీ కాదు. ఉప్పల్ భగాయత్ అన్న పేరులోనే తోటలున్నాయి. మూసీ ఒడ్డున ఒకప్పుడు కూరగాయలు పండిన ఆ నేల ఇప్పుడు ప్లాట్లయింది. అయినా మనలో చాలామంది మిద్దె మీద వంగ, టమాటా పెంచుతూనే ఉన్నారు. ఇక ఆలుగడ్డ లేని వంటిల్లు ఎక్కడుంది?

ఆలుగడ్డ కోసినప్పుడు లోపల నల్లటి సొరంగం, అందులో పొడిపొడిగా మలినం మీరు చూసే ఉంటారు. అది దుంప తొలిచే పురుగు పని కావచ్చు. దాని శాస్త్రీయ నామం థోరిమియా ఆపర్‌క్యులెల్లా. మన అలవాటు ప్రకారం దాని సర్వీసు రిజిస్టరు తెరిచి చూద్దాం.

తల్లి పురుగు బూడిద, గోధుమ రంగులు కలిసిన చిన్న రెక్కల పురుగు. పొడవు సెంటీమీటరుకు మించదు. పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది. ఆకుల అడుగున, మట్టి పైకి తేలిన దుంపల కన్నుల దగ్గర వందకు పైగా గుడ్లు పెట్టగలదు. వేడి రోజుల్లో అయిదారు రోజులకు గుడ్డు పగిలి సన్నని గొంగళి పురుగు వస్తుంది. అది కన్ను పక్కనుంచి దుంపలోకి దూరి రెండు మూడు వారాలు తింటుంది. తరువాత బయటికి వచ్చి పట్టుగూడు అల్లుకుని వారం పది రోజులు నిద్రావస్థలో ఉంటుంది. ఆపైన మళ్ళీ రెక్కల పురుగు. మొత్తం సర్వీసు సుమారు నెల రోజులు. చేనులో మొదలైన ఈ సంతతి గోనెసంచుల్లో కూడా కొనసాగుతుంది. తొలిచిన చోట కుళ్ళు ప్రవేశిస్తుంది. విత్తనానికని దాచుకున్న దుంప పాడైతే రైతుకు పోయేది ఈ పంట ఒక్కటే కాదు, వచ్చే పంట కూడా.

ఈ పురుగు మన దేశానిది కాదు. ఆలుగడ్డ పుట్టిన దక్షిణ అమెరికాయే దీనికీ పుట్టినిల్లు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఇటలీ నుంచి తెప్పించిన విత్తనపు దుంపలతో బొంబాయి ప్రెసిడెన్సీలో దిగింది. వచ్చేటప్పుడు తన శత్రువులను వెంట తెచ్చుకోలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. పుట్టినచోట దీన్ని అదుపులో పెట్టే కీటకాలున్నాయి, ఇక్కడ లేవు.

దానికి విరుగుడుగా శాస్త్రవేత్తలు ఆ శత్రువులనే పిలిపించారు. బెంగుళూరులో 1957లో కామన్వెల్త్ జీవ నియంత్రణ సంస్థ వారి భారత కేంద్రం ఏర్పడింది. మన దేశంలో ఈ విద్యకు గట్టి పునాది వేసింది ఆ కేంద్రమే. అలా వచ్చినవాటిలో కోపిడోసోమా కోహ్లెరి అనే కందిరీగ జాతి కీటకం ఒకటి. దోమ కంటే చిన్నది, మనుషులను కుట్టదు. అది చేసే పని వింటే ఆశ్చర్యం వేస్తుంది.

అది తన గుడ్డును రెక్కల పురుగు గుడ్డులోపలే పెడుతుంది. లోపల ఆ ఒక్క గుడ్డు చీలి చీలి పదుల సంఖ్యలో పిండాలవుతుంది. గొంగళి పురుగు మాత్రం ఏమీ ఎరగనట్టే పుట్టి, తిని, పెరుగుతుంది. పూర్తిగా పెరిగాక లోపలివన్నీ కలిసి దాన్ని తినేస్తాయి. పైతోలు మిగిలి వడ్లగింజల సంచిలా ఉబ్బుతుంది. దానిలోంచి పదుల కొద్దీ కొత్త మిత్రులు ఎగిరి పోతాయి.

ఒక్క విషయం గమనించండి. ఈ మిత్రుడు ఈ రోజు తొలిచే పురుగును ఆపడు. ఆ దుంప పోయినట్టే. అతడు ఆపేది రేపు పుట్టబోయే సంతతిని. పొడి మందు అలా కాదు, చల్లిన మర్నాడే ఫలితం కనిపిస్తుంది. అందుకే అందరూ దానికే మొగ్గారు. ఒకప్పుడు నిలవ దుంపలపై బి.హెచ్.సి., డి.డి.టి. పొడులు చల్లేవారు. మన ఇళ్ళలో గమాక్సిన్ డబ్బా ఉండేది గుర్తుందా? ఆ బి.హెచ్.సి.ని 1997లో మన దేశంలో నిషేధించారు. మందు పురుగుతోపాటు మిత్రులనూ చంపుతుంది. దుంపలో దూరిన పురుగుకు మాత్రం సరిగా తగలదు.

జీవ నియంత్రణకు ఇంకో ఇబ్బంది ఉంది. దాన్ని కళ్ళారా చూశాను. 1980లలో నేను పనిచేసిన ఒక కార్యాలయానికి చెరకు తోటల కోసం ట్రైకోగ్రామా కార్డుల పార్సిలు వచ్చింది. ఇవి గుడ్లను తినే మిత్ర కీటకాలు. మన బియ్యంలో పడే రెక్కల పురుగు గుడ్ల మీదే వాటిని పెంచి, కార్డుకు సుమారు 20,000 గుడ్లు అంటిస్తారు. ఆవేళ శుక్రవారం సాయంత్రం. స్టాకు రిజిస్టరులో ఎక్కించి, సంతకమయ్యాకే ఇవ్వాలన్నారు. మధ్యలో పండగ సెలవులు కలిసొచ్చాయి. ఆఫీసు తెరిచేసరికి కీటకాలు బయటికొచ్చి కవర్లోనే చచ్చిపడి ఉన్నాయి. పొడి మందు బస్తా అయితే ఏడాదైనా ఆగేది. ప్రాణమున్నది ఫైలు కోసం ఆగదు. కార్డుల కోసం వచ్చిన రైతు ఖాళీ చేతులతో వెళ్ళాడు.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. రాజేంద్రనగర్‌లో 1966లో మొదలైన సస్యరక్షణ శిక్షణ సంస్థ 2008లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా మారింది. మిత్ర కీటకాలను పెంచే పద్ధతులను అక్కడ నేర్పుతారు. అవసరమూ తీరలేదు. ఈ పురుగుకు దగ్గరి చుట్టమైన టమాటా పురుగు టూటా అబ్సొల్యూటా, అదీ దక్షిణ అమెరికాదే, 2014లో మన దేశంలో కనిపించింది. కొద్దికాలానికే తెలుగు రాష్ట్రాల టమాటా తోటలకూ చేరింది.

జహీరాబాద్ వైపు, చిత్తూరు జిల్లా వైపు ఆలుగడ్డ వేసే బంధువులు మీకుంటే ఈ నాలుగు మాటలు చెప్పండి. మొక్కల మొదళ్ళకు మట్టి బాగా ఎగదోయాలి. నేల నెర్రెలు విచ్చకుండా తడి ఇవ్వాలి. తవ్విన దుంపలను రాత్రిపూట పొలంలో వదలకూడదు. పుచ్చినవాటిని మంచివాటితో కలపకూడదు. విత్తనపు దుంపలను శీతల గిడ్డంగిలో పెడితే ఆ చలికి పురుగు పెరగదు.

ఇంటి సంగతికొస్తే, వారానికి సరిపడా కొనండి. కన్నుల దగ్గర నల్లటి పొడి ఉందేమో చూసి ఏరుకోండి. గాలి తగిలే చీకటి చోట ఉంచండి. ఎండ తగిలి పచ్చబడిన దుంపను తినకండి. తినే వస్తువుల దగ్గరికి పొడి మందులు, లక్ష్మణరేఖ గీతలు రానివ్వకండి. వాటిని ముట్టుకునేది ముందు మన మనుమలే. మిద్దె తోటలో ఒక ఆకు పురుగు తిన్నా కంగారుపడి మందు కొట్టకండి. నాలుగు రోజులు ఆగి చూడండి. వెనకాలే మిత్రుడు వస్తూ ఉండవచ్చు.