ఎగురుట - దిగుట



నేడు నేను చెప్పబోవునది పురాణము కాదు, వ్యాకరణము కాదు, పిల్లల ఆట. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్న పంతులుకు ఆటలతో నేమి పని యని మీరడుగవచ్చును. ఇంటిలో నేనన్న యొక మాటను వెనుకకు దీసికొనవలసి వచ్చినది. అందులకు కారణమీ యాటయే.

మా యిల్లు సికింద్రాబాదులో అల్వాలు చెంత నున్నది. హకీంపేట వైమానికదళ స్థావరము అచ్చటికి దగ్గర. ఆకాశమున మ్రోత వినబడిన చాలు, మా మనుమడు విస్తరి ముందునుండి లేచి డాబా మీదికి పరుగెత్తును. వానికి పండ్రెండేండ్లు. తాను వైమానికుడనగుదునని వాని పట్టుదల. కొడుకును, కోడలును ఊరకుండిరి గాని, నేను మాత్రము "ఆ మాట ఈ యింట ఎత్తవద్దు" అని కఠినముగా పలికితిని.

గడచిన వేసవిలో వాడు అటక వెదకి, తన తండ్రి చిన్నతనమున ఆడుకొనిన వీడియోగేము యంత్రమును క్రిందికి దించెను. 1990 తరువాత మన పట్టణములలో నిట్టి యంత్రములు విరివిగా దొరకెడివి. దానిని టీవీకి తగిలించి, అరచేతియంత ప్లాస్టిక్ పెట్టె నొకదానిని అందు గ్రుచ్చినచో ఆట మొదలగును. ఆ పెట్టెను పిల్లలు క్యాసెట్టందురు.

వానికి దొరకిన ఆట పేరు టాప్ గన్. 1986లో అమెరికాలో నదే పేరుతో నొక చలనచిత్రము వెలువడినది. దర్శకుడు టోనీ స్కాట్, నాయకుడు టామ్ క్రూజ్. అమెరికా నౌకాదళము వారు తమ యుద్ధవైమానికులకు పైచదువు చెప్పుటకై 1969లో కాలిఫోర్నియాలోని మిరమారులో నొక పాఠశాలను నెలకొల్పిరి. ఆ కథకు నెలవు అదియే. చిత్రము జయప్రదము కాగా, మరుసటి యేట, 1987లో, కొనామి యను జపాను సంస్థ దానిని ఆటగా మలచినది.

ఆడువాడు విమానచోదకుని పీఠమున కూర్చున్నట్లు తెర కనబడును. ముందు ఆకాశము, క్రింద సముద్రము. మూడు విధముల క్షిపణులలో నొకదానిని ముందుగా నెన్నుకొనవలెను. బలము హెచ్చిన దానికి సంఖ్య తక్కువ. శత్రువిమానములు ఎదురువచ్చును. నడుమ ఆకాశముననే ఇంధనము నింపుకొనవలెను. తుదకు సముద్రముపై నిలిచిన ఓడ మీద దిగవలెను. ఇట్టి ఘట్టములు నాలుగు. మొదటిది శిక్షణ.

ఇది చంపుట నేర్పెడి విద్య యని నేను మొదట మండిపడితిని. ఒక మధ్యాహ్నము నిద్ర పట్టక వాని వెనుక కూర్చుండి చూచితిని. శత్రువుల నందరిని వాడు అలవోకగా కూల్చెను. పిదప ఓడ కనబడెను. ఎత్తును, వేగమును దెలుపు అంకెలు తెరపై మారుచున్నవి. ఎడమకు, కుడికి, పైకి, క్రిందికి అని ఆజ్ఞలు వచ్చుచున్నవి. విమానము సముద్రమున కూలినది. మరల ఆడెను, మరల కూలినది. వాడు నావైపు తిరిగి, "తాతయ్యా, కొట్టడం తేలికే. దిగడమే రావడం లేదు" అనెను.

ఆ మాటకు నాకు భారతము జ్ఞప్తికి వచ్చినది. బ్రహ్మశిరోస్త్రమును అర్జునుడు ప్రయోగించెను, అశ్వత్థామయు ప్రయోగించెను. ఋషులు వారింపగా అర్జునుడు తన యస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామకు ఉపసంహారము చేతగాలేదు. ప్రయోగమిరువురికిని సమానమే. తేడా అంతయు మరలించుటలో నున్నది. ఈ కథను ఎన్ని తరగతులకో చెప్పితిని. వానితో మాత్రము ఎన్నడును చెప్పలేదు. ఆనాడు చెప్పితిని.

రాత్రి వాని తండ్రి మరియొక సంగతి చెప్పెను. ఆ చిత్రము తీయుచున్న దినములలో, 1985 సెప్టెంబరు 16వ తేదీని, ఆర్ట్ షోల్ అను ప్రసిద్ధ విమానవిన్యాసకుడు కెమెరా అమర్చిన విమానముతో నింగి కెగసెను. సుడి తిరుగు దృశ్యము తీయుచుండగా విమానము వశము తప్పి పసిఫిక్ సముద్రమున పడినది. విమానము గాని, ఆయన దేహము గాని దొరకలేదు. ఆ చిత్రమును ఆయన స్మృతికే అంకితము చేసిరి.

దూరదేశపు మాట యేల? 2023 డిసెంబరు 4వ తేదీని మన దుండిగల్ వైమానిక అకాడమీ నుండి లేచిన పిలాటస్ శిక్షణవిమానము మెదక్ జిల్లా తూప్రాను ప్రాంతమున కూలినది. నేర్పు గురువును, నేర్చు శిష్యుడును ఇరువురును మరణించిరి. నా కఠినోక్తికి మూలము ఆ వార్తయే. ఆ సంగతి వానికి చెప్పక, ఒట్టి ఆజ్ఞ మాత్రము చేసితిని. ఆ రాత్రి చెప్పితిని. వాడు చాలసేపు మాటలాడలేదు.

మరునాటినుండి వాడు తనకు తానే యొక నియమము పెట్టుకొనెను. ఆటలో నొక విమానము పోయిన మరియొకటి యిచ్చెదరు. వాడు రెండవదానిని ముట్టడు. మొదటిది కూలగానే మీట నొక్కి యంత్రమును ఆపి, "ఈరోజుకు అయిపోయింది తాతయ్యా" అని లేచిపోవును. పదునెనిమిది దినములు అట్లే లేచెను. పందొమ్మిదవనాడు విమానము ఓడపై నిలిచినది. వాడు కేక వేయలేదు. నా చేయి పట్టుకొనెను. ఆ చేయి చెమర్చియుండెను.

ఆనాడే నా మాటను వెనుకకు దీసికొంటిని. "చదువుకో. పెద్దవాడవైన పిదపయు ఈ కోరిక నిలిచియున్నచో వెళ్లుము" అంటిని. నా భయము పోలేదు. ఇప్పటికిని విమానధ్వని వినబడినపుడు నా గుండె జల్లుమనును. అయినను వానితోపాటు నేనును డాబా ఎక్కుచున్నాను.

పెద్దలారా, మీ యిండ్లలోను పిల్లల చేతులలో నిట్టి యాటలున్నవి. లాగికొనుటకు ముందు ఒక్క పూట వారి ప్రక్కన కూర్చుండి చూడుడు. మీ భయమునకు గల కారణమును దాచక చెప్పుడు. పిల్లవాడు ఆజ్ఞను మరచిపోవును, కారణమును మరువడు.

సెలవు.