ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారు?



పట్టభద్రులైన మీలో కొందరు కంప్యూటర్ సైన్స్, కొందరు జన్యుశాస్త్రం చదివారు. రెండు శాఖలూ కలిస్తేనే సాగే ఒక పని గురించి మాట్లాడతాను.

ఒక వంశంలో తరతరాలుగా వస్తున్న జబ్బుకు కారణమైన జన్యువు ఏ క్రోమోజోములో ఎక్కడుందో వెతికే లెక్కే లింకేజ్ విశ్లేషణ. నాలుగేసి రూపాలుండే జన్యు గుర్తులు (మార్కర్లు) మూడు తీసుకుంటే ఒక మనిషికి సాధ్యమైన జన్యురూపాలు 2,080. తల్లిదండ్రుల జంటకు 43 లక్షలు దాటుతాయి. నాలుగో గుర్తు చేరిస్తే ఆ జంటల సంఖ్య 108 కోట్లు! ఈ లెక్క చేయడానికి 1980లలో వచ్చిన లింకేజ్ అనే ప్రోగ్రామ్ ఈ భారం కింద నలిగిపోయేది.

1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో అలెహాండ్రో షాఫర్ బృందం ఈ సమస్యను చేపట్టింది. వాళ్లు ముందుగా కంప్యూటర్ల సంఖ్య పెంచలేదు. అదే లెక్క మళ్లీ మళ్లీ ఎక్కడ జరుగుతోందో చూసి, ఆ వృథాను తీసేశారు. 1993లో వెలువడిన వాళ్ల ప్రోగ్రామ్ ఫాస్ట్‌లింక్ ఒకే యంత్రం మీద ఎన్నో రెట్లు వేగంగా నడిచింది. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఈ వరసే: ముందు వృథా తీయడం, తర్వాతే యంత్రాలు పెంచడం.

తర్వాత పనిని అనేక ప్రాసెసర్లకు పంచారు. అక్కడే అసలు చిక్కు. వంశవృక్షంలో ఒక కుటుంబం లెక్క తేలితేగాని దాని మీద ఆధారపడిన కుటుంబానికి వెళ్లలేం. నాట్లకు ఎంతమంది కూలీలొచ్చినా, నారు మడికి చేరేదాకా గట్టు మీద నిలబడాల్సిందే కదా. అందుకే ఒక్కో కుటుంబం లోపలి లెక్కనే పంచారు. కానీ ఆ కుటుంబ సభ్యుల రక్తపరీక్షలను బట్టి చాలా జన్యురూపాలు అసాధ్యం. వాటి విలువ సున్నా. జాబితాను గుడ్డిగా సమానంగా కోస్తే కొన్ని ప్రాసెసర్లకు సున్నాలే దక్కుతాయి, కొన్ని మాత్రం చెమటోడుస్తాయి. సున్నా కానివాటిని ఏరి, వంతులవారీగా పంచాల్సి వచ్చింది. ఏవి అసాధ్యమో చెప్పేది జన్యుశాస్త్రం. ఎలా పంచాలో చెప్పేది కంప్యూటర్ శాస్త్రం.

పని పంచడానికి ఉన్న హద్దు గురించి కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ 1967లోనే హెచ్చరించాడు. ఉదాహరణకు, పనిలో నూటికి 5 పాళ్లు పంచలేనిదైతే, వేల యంత్రాలు పెట్టినా వేగం 20 రెట్లు మించదు. మీ శ్రమ ఆ 5 పాళ్ల మీద పెట్టండి.

ఇలా పని పంచడం విలువ ఆసుపత్రిలో తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్ బృందం 2022 జనవరిలో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రంగా జబ్బుపడిన 12 మంది జన్యుక్రమాలను చదివారు. ఒక్కో రోగి డీఎన్‌ఏను డీఎన్‌ఏ చదివే 48 ఫ్లోసెల్స్‌కు పంచారు. వచ్చే సమాచారాన్ని వచ్చినట్టే క్లౌడ్‌లోని అనేక యంత్రాలకు పంపారు. అయిదుగురికి జబ్బుకు కారణం దొరికింది. ఒకరికైతే రక్తం అందిన 7 గంటల 18 నిమిషాలకే. ఇంత చేసినా, చివరికి మిగిలిన జన్యు తేడాల పట్టికను నిపుణులు కూర్చుని చదవాల్సిందే. ఆ పట్టికను ఇంకా చిన్నది చేసే పని మీ కోసం ఉంది.