మందు మింగుతున్నా వైరస్ ఎందుకు లొంగదు?
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు, రికవరీలు విన్నారు. ఇప్పుడు కొంచెం ఆరోగ్యం ముచ్చట. హెచ్ఐవీ అనంగనే కొందరు తల పక్కకు తిప్పుకుంటారు. మేం చెప్పబోయేది పెద్దల సంగతి కాదు. అమ్మ కడుపులోనో, కాన్పప్పుడో, పాల ద్వారానో వైరస్ సోకి, చిన్నప్పటి నుంచి మందు మీద పెరుగుతున్న పిల్లల సంగతి.

మన దేశంలో ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ నుంచి సర్కారు ఉచితంగా ఇస్తోంది. పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం 2006 నవంబరులో వచ్చింది. మందు ఉచితమే, మరి ఇబ్బంది ఎక్కడ? వైరస్ ఒంట్లో రోజూ తన నకళ్లు తీస్తుంది. తీసేటప్పుడు తప్పులు పోతాయి. రక్తంలో మందు సరిపడా ఉంటే ఆ తప్పు నకళ్లూ పెరగలేవు. మందు రెండు రోజులు ఉండి నాలుగు రోజులు లేకపోతే, మందుకు లొంగని నకలు ఒకటి బతికిపోతుంది. తర్వాత అదే పెరుగుతుంది. అప్పుడు బిడ్డ రోజూ గోలీ వేసుకున్నా ఫలితం ఉండదు. దీన్నే డాక్టర్లు డ్రగ్ రెసిస్టెన్స్ అంటారు.

ఇందులో పిల్లల తప్పేం లేదు. ఒకప్పుడు కాన్పు సమయంలో తల్లికి ఒక్క నెవిరపిన్ గోలీ, బిడ్డకు కొంచెం సిరప్ ఇచ్చేవారు. చాలామంది బిడ్డలను అది కాపాడింది. కానీ ఆ మందు తల్లి రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది. అందుకే అప్పటికీ వైరస్ సోకిన బిడ్డల్లో కొందరికి నెవిరపిన్ మొదటి నుంచే పని చేయలేదు. ఆఫ్రికాలోని పది దేశాల్లో చూస్తే, కొత్తగా హెచ్ఐవీ తేలిన పసిపిల్లల్లో దాదాపు సగం మందికి ఆ రకం మందులకు లొంగని వైరసే ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఇంటి దగ్గర ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. బిడ్డ బరువు పెరుగుతుంది, డోసు మాత్రం పాతదే నడుస్తుంది. లోపినావిర్ సిరప్ చేదు విషం, తాగంగనే కక్కేస్తారు. అమ్మా నాన్నా లేని పిల్లలకు అమ్మమ్మే దిక్కు, ఆమెకు సీసా మీది రాత కనబడదు. హాస్టల్‌లో పక్క పిల్లలు చూస్తారని దాచుకుంటారు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చాక "నేనెందుకు మింగాలి?" అని మొండికేస్తారు. ఏ మందో, ఎందుకో ఎవరూ చెప్పని బిడ్డ అట్ల అడగడం న్యాయమే అని మా అభిప్రాయం.

ఇప్పుడు డోలుటెగ్రావిర్ వచ్చింది. నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల పిల్లల గోలీకి 2020లో అనుమతి దొరికింది. దీనికి వైరస్ అంత తేలిగ్గా అలవాటు పడదు. అయినా అశ్రద్ధ చేస్తే దీనికీ అదే గతి. ఇట్లాంటి మందులు ప్రపంచానికి పంపే కంపెనీల్లో ఒకటైన అరబిందోకు మన బాచుపల్లిలోనే యూనిట్ ఉంది. మందు తయారయ్యే ఊళ్లో ఉంటూ, పిల్లల నోటికి అది వేళకు చేరకపోతే మనకే చిన్నతనం.

ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. బడిలో ఇచ్చే ఐరన్ గోలీ, క్యాల్షియం గోలీ ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. ఎప్పుడు, ఎట్ల వేయాలో ఏఆర్‌టీ డాక్టరును అడగాలి. టీబీ మందు వాడుతుంటే తప్పక చెప్పాలి, అప్పుడు డోసే మారుతుంది.

వైరల్ లోడ్ పరీక్ష ఉచితం. వెయ్యి దాటితే భయపడి మానేయొద్దు. మూడు నెలలు ఒక్క పూట తప్పకుండా వేసి మళ్లీ చూస్తారు. అప్పటికీ తగ్గకపోతేనే మందు మారుస్తారు. పిల్లలకు మిగిలేవి కొన్ని మందులే, అందుకే అంత జాగ్రత్త.

నీలోఫర్‌లో పిల్లల ఏఆర్‌టీ సెంటర్ ఉంది. బస్సులో మనకు, ఆడపిల్లలకు టికెట్ లేదు. మగపిల్లవాడికి, తాతకు ఖర్చవుతుంది, పైగా ఆ రోజు కూలి పోతుంది. అందుకని సంఘం అంతర్గత అప్పులో ఆసుపత్రి ప్రయాణానికి కారణం అడగకుండా ఇవ్వాలని మేం ప్రతిపాదిస్తున్నాం. మినిట్స్ పుస్తకంలో "వైద్య ఖర్చు" అని రాస్తే చాలు. 2017 చట్టం ప్రకారం నమ్మి చెప్పిన ఒకరి హెచ్ఐవీ సంగతిని వాళ్ల ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదు. అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయండి, పేరు చెప్పనక్కర్లేదు. ఈ ప్రతిపాదన మీద మీ మీ ఎస్ఎల్ఎఫ్‌లలో మాట్లాడి, వచ్చే నెల సమావేశానికి జవాబు పట్టుకొని రండి.