వేషాలు మార్చే మలేరియా

(డోన్‌లో గిరిజన యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మలేరియా దోమ ద్వారా వస్తుందని ఆధారం దొరికింది మన తెలుగు నేలమీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. ఇన్నేళ్లయినా అది మనల్ని వదల్లేదు. మన ఒంట్లోని రక్షణ బలగం కళ్లుగప్పడం దానికి బాగా తెలుసు.

దోమ కుట్టిన కాసేపటికే అది కాలేయంలో దూరుతుంది. వారం పది రోజులు అక్కడే వేలకొద్దీ పెరుగుతుంది. మనకేమీ తెలియదు. తర్వాత ఎర్ర రక్తకణాల్లో చేరుతుంది. మామూలుగా ఒక కణంలో పరాయిది దూరితే, ఆ కణమే పైన గుర్తు చూపి దాన్ని పట్టిస్తుంది. ఎర్రకణానికి ఆ ఏర్పాటు లేదు. దొంగకు ఇంతకన్నా మంచి ఇల్లేముంది?

చెడిన కణాలను వడగట్టే ప్లీహాన్నీ ఫాల్సిపారం రకం తప్పించుకుంటుంది. కణం మీదికి జిగురులాంటి ప్రోటీన్ పంపి సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుంటుంది. మెదడులో అలా జరిగితే ప్రాణం మీదికొస్తుంది. మన యాంటీబాడీలు ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టేసరికి ఇంకో రకం ప్రోటీన్ తొడుక్కుంటుంది. అందుకు దాని దగ్గర 60 దాకా జన్యువులున్నాయి. పగటివేషగాళ్లు రోజుకో వేషం కట్టినట్టే.

వైవాక్స్ రకం కాలేయంలో కొంత నిద్రపోతుంది. వారాలకో, నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తుంది.

మిరప కోతలకు పోయినప్పుడు జ్వరం తగ్గగానే మిగిలిన మాత్రలు చూరులో చెక్కి పనిలోకి దిగినవాళ్లం మేమూ ఉన్నాం. ఒకరోజు కూలి పోతే ఇంట్లో ఎంత ఇబ్బందో మాకు తెలుసు. కానీ జ్వరం తిరగబెడితే వారం కూలి పోతుంది.

చలిజ్వరం వస్తే అదే రోజు ఆశా అక్క దగ్గర రక్తపరీక్ష చేయించుకుందాం. వైవాక్స్ అని తేలితే, కాలేయంలో నిద్రపోయేవాటిని చంపే ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వాడాలి. గర్భిణులకు, పసిపిల్లలకు అవి ఇవ్వరు. కొందరికి పుట్టుకతోనే పడవు. మూత్రం నల్లబడితే మాత్రలు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. అందుకే ఒకరి మాత్రలు ఇంకొకరు మింగొద్దు.

నాపరాయి గనుల గుంతల్లో, ఇంటిముందు తొట్లలో నీళ్లు నిలవకుండా చూద్దాం. రాత్రి దోమతెర కట్టుకుందాం. ఈ మాటలు మీ తాండాలో, గూడెంలో మీ నోటితో చెప్పండి. మీరు చెబితే అమ్మానాన్నలు వింటారు.