యుద్ధానంతరము మలయాలో ధాన్యము, నాణెము, నమ్మకము



వరద తీసిన మరునాడు ఊరిపెద్దలకు కలుగు పని వరదనాటి పనికంటె కష్టమైనది. గట్లు తెగియుండును, హద్దురాళ్లు కొట్టుకొనిపోయి యుండును, గాదెలలోని గింజలు మొలకలెత్తి యుండును. ఎవరి పొలము ఎంతవరకో, ఎవరి బాకీ ఎవరికో మరల తేల్చవలసివచ్చును. పరసైన్యము తొలగిపోయిన దేశముయొక్క స్థితియు నిట్టిదే. 1945వ సంవత్సరమున మలయా దేశమున జరిగిన దానిని నేడు మీకు మనవి చేసెదను.

మలయా యనగా నేటి మలేషియాలోని ద్వీపకల్పభాగము. దానిని, దానిని ఆనుకొనియున్న సింగపూరును అప్పుడు ఇంగ్లీషువారు ఏలుచుండిరి. విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి మనవారనేకులు అచ్చటి రబ్బరుతోటలకును కొబ్బరితోటలకును కూలికి పోయి యుండిరి. పేరాకు రాష్ట్రమందలి బాగాన్ డాతో ప్రాంతమున నేటికిని తెలుగు కుటుంబములు కలవు. కావున ఇది మనకు బొత్తిగా పరాయికథ కాదు.

ఆ దేశము పండించునది రబ్బరు, త్రవ్వునది తగరము, తినునది బియ్యము. ఆ బియ్యములో మూడింట రెండువంతులు బర్మా, సయాము మొదలగు దేశములనుండి ఓడలమీద రావలసినదే. 1941 డిసెంబరు 8వ తేదీన జపాను సైన్యము మలయాలో దిగెను. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు లొంగిపోయెను. అటుపిమ్మట మూడున్నర యేండ్లు రబ్బరు కొనువారు లేరు, బియ్యపు ఓడలు చాలినన్ని రాలేదు. జనులు కర్రపెండలము తిని ప్రాణములు నిలుపుకొనిరి. మలేరియాకు కొయినా మాత్ర కరవాయెను. తోటలనుండి తమిళులను, తెలుగువారిని వేలకొలదిగా సయాము-బర్మా రైలుమార్గము వేయుటకు తరలించిరి. 415 కిలోమీటర్ల ఆ మార్గము 1943 అక్టోబరునాటికి పూర్తియయ్యెను గాని, పోయినవారిలో అనేకులు తిరిగి రాలేదు.

1945 సెప్టెంబరు 3వ తేదీన పినాంగులోను, 5వ తేదీన సింగపూరులోను ఇంగ్లీషు సైన్యము దిగెను. 1946 ఏప్రిలు 1వ తేదీవరకు సైనికాధికారులే దేశమును పాలించిరి. వారికి ఎదురైన మొదటి చిక్కు నాణెమునకు సంబంధించినది. జపానువారు తమ నోట్లను లెక్కలేకుండ ముద్రించి వదలియుండిరి. పది డాలర్ల నోటుపై అరటిచెట్టు బొమ్మ యుండుటచే జనులు వానిని అరటినోట్లనిరి. కడపట వచ్చిన నోట్లపై వరుససంఖ్యలు కూడ లేకుండెను. క్రొత్త ప్రభుత్వము ఆ నోట్లేవియు చెల్లవని ప్రకటించెను. యుద్ధమునకు పూర్వపు నోట్లను మాత్రము అంగీకరించెను.

ఈ నిర్ణయము న్యాయమా యని మీరడుగవచ్చును. ఆ కాగితపు కట్టలన్నిటిని చెల్లునన్నచో, ఉన్న పిడికెడు సరకులకు వెల ఆకాశమునంటి యుండెడిది. అది నిజమే. అయినను నష్టము ఎవరిపై పడెను? పొలము గలవానికి పొలము మిగిలెను. బంగారము దాచినవానికి బంగారము మిగిలెను. సరకు మరుగుపరచిన వర్తకునకు సరకు మిగిలెను. కష్టము చేసి కూలిగా ఆ నోట్లనే పుచ్చుకొన్నవానికి మాత్రము ఒక్క ప్రకటనతో పెట్టె ఖాళీ యయ్యెను. దేశమునకు మేలైన శాసనము కూడ బీదవాని నెత్తిని బరువుగా పడవచ్చుననుటకు ఇది నిదర్శనము.

రెండవ చిక్కు బియ్యము. బర్మాలో పొలములు బీడుపడి యుండెను. కావున ఓడలు సిద్ధమైనను నింపుటకు ధాన్యము చాలదు. ఎగువచెరువు తెగిన దిగువ ఆయకట్టు ఎండునుగదా! రేషను అరకొర యగుటచే చాటుబేరము పెరిగెను. సైనిక పరిపాలనకే జనులు చాటుబేరపు పరిపాలన యని ఎగతాళిపేరు పెట్టిరి. కూలి చాలక, తిండి చాలక రేవుకూలీలు పని మానిరి. 1946 జనవరి 29వ తేదీన సింగపూరులో సార్వత్రికసమ్మె జరిగెను. ఆ సంవత్సరమే కిలర్న్ ప్రభువు సింగపూరునకు వచ్చి, చుట్టుపట్ల దేశముల ప్రతినిధులను సమావేశపరచి, ఉన్న బియ్యమును పంచుకొను ఏర్పాటు సాగించెను.

మూడవది వర్తకము. రబ్బరుచెట్లు చాలవరకు బ్రతికియే యుండెను. కూలీలు కత్తిపట్టి గాటుపెట్టగనే పాలు స్రవించెను. అందుచే 1947లో రబ్బరు దిగుబడి ఆరు లక్షల టన్నులను దాటెను. తగరమునకట్టి భాగ్యము లేకపోయెను. త్రవ్వెడి యంత్రములు మునిగియో తుప్పుపట్టియో యుండెను. 1940లో ఎనుబదివేల టన్నులకు పైగా తీసిన దేశము 1946లో పదివేలైనను తీయజాలదయ్యెను. తూర్పుతీరపు రైలుమార్గమున పట్టాలనే చాలదూరము పెరికి జపానువారు కొనిపోయి యుండిరి. చెట్టు తనంతట తాను కోలుకొనును, ఇనుము కోలుకొనదు.

కడపటి చిక్కు అప్పులది. అది మీవంటి పెద్దమనుష్యులు బాగుగా నెరుగదగినది. ఒకడు యుద్ధమునకు ముందు మంచినాణెమున వంద డాలర్లు అప్పిచ్చెననుకొనుడు. బాకీదారుడు 1945లో కొద్దిపాటి వస్తువులనమ్మి, విలువలేని నూరు అరటిడాలర్లు తెచ్చి చెల్లుపెట్టెను. బాకీ తీరినదా? తీరినదన్నచో ఋణదాత మోసపోవును. తీరలేదన్నచో, ఆనాడు దేశమున చెల్లుచుండిన నాణెమునే ఇచ్చినవాడు అబద్ధికుడగును. దీని పరిష్కారమునకు 1948వరకు కాలము పట్టెను. ఆ యేట చేసిన చట్టమున నెలనెలకు ఆ నోటు విలువ ఎంత పడిపోయెనో పట్టిక కట్టిరి. దానినిబట్టి ఆక్రమణకాలపు లావాదేవీలను లెక్కించు దారి యేర్పడెను. ఉభయులకును పూర్తితృప్తి కలుగలేదు. అయినను లెక్క అందరియెదుట నుండుటచే వివాదమునకొక హద్దు దొరకెను.

అయ్యలారా, జెండా ఒక్క ఉదయమున మారెను. అంగడి తెరచుటకు నెలలు పట్టెను. ఒకని మాట నింకొకడు నమ్మి అప్పిచ్చుటకు ఏండ్లు పట్టెను. రైలుమార్గమునుండి తిరిగిరానివాని భార్య తోటలోని తన గది గుమ్మమున కూర్చుండి చూచిన చూపునకు మాత్రము ఏ చట్టమును పట్టిక కట్టలేదు. కరవునందుగాని కల్లోలమునందుగాని మీ గ్రామమున లెక్కలు తేల్చవలసివచ్చినపుడు, ముందుగా ఆ గుమ్మమువైపు చూడుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.