ఊరు బతకాలంటే ఎవరిని వెలేయాలి?

  స్నాతకోత్సవానికి వచ్చిన వక్త తన బాల్యంతో మొదలుపెట్టి పదవీ విరమణ దాకా చెప్పుకోవడం మన ఆనవాయితీ. నా కథలో మీకు పనికొచ్చేదేమీ లేదు కాబట్టి దాన్ని వదిలేసి, ఒక ప్రశ్న తీసుకుంటాను. మతం లేకుండా మనిషి జాతి బతికి బట్టకట్టగలదా? పెద్ద ప్రశ్నే. కానీ సాక్ష్యాల కోసం ఈ నిజామాబాద్ జిల్లా దాటి పెద్దగా పోనక్కర్లేదు.

ముందు మీ ఒంటి మీదే చూసుకోండి. స్నాతకుడంటే గురుకులంలో చదువు ముగించి వ్రతస్నానం చేసినవాడు. అది వైదిక సంస్కారం. మీరు తొడుక్కున్న గౌను మధ్యయుగ ఐరోపాలో క్రైస్తవ మతగురువుల దుస్తుల నుంచి వచ్చింది. మతంతో సంబంధం లేని చదువులు చదివి, పట్టా పుచ్చుకునే పూట రెండు మతాల జ్ఞాపకాలను మోస్తూ చెమటలు కక్కుతున్నారు. మతం అంత తేలిగ్గా వదిలేది కాదనడానికి ఇంతకంటే రుజువు ఎందుకు?

మతం మనుగడకు అవసరమనే వాదాన్ని ముందు దాని బలమైన రూపంలోనే విందాం. తుర్కియేలోని గోబెక్లి తెపెలో 11 వేల ఏళ్లకు పైబడిన రాతి స్తంభాలు బయటపడ్డాయి. పంట వేయడం ఇంకా స్థిరపడని కాలంలో, వేటాడి బతికేవాళ్లు వందల మంది కలిసి వాటిని నిలబెట్టారు. కడుపు నింపని పనికి అంతమందిని ఒకచోట చేర్చింది ఏదో ఒక ఆరాధనే అయి ఉంటుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఇంకో సాక్ష్యం ఇంతకన్నా పదునైనది. అమెరికాలో 19వ శతాబ్దంలో పుట్టిన 200 సమష్టి జీవన సమాజాలను రిచర్డ్ సోసిస్ అనే మానవశాస్త్రవేత్త పరిశీలించాడు. అందరూ కలిసి దున్నుకుని, కలిసి తినే పల్లెలవి. ఏ ఏడాది లెక్క తీసినా, మతంతో ముడిపడని సమాజం కూలిపోయే అవకాశం మత సమాజం కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. సభ్యుల నుంచి ఎంత కఠినమైన నియమాలు కోరితే మత సమాజం అంత ఎక్కువ కాలం నిలిచింది. ఇది తిన, అది తాగ, ఇలాంటి బట్ట కట్ట అన్న నిష్ఠలు పైకి దండగ అనిపించినా, నమ్మకస్తుణ్ణీ దొంగనూ వేరుచేసే జల్లెడలుగా పనిచేశాయి. నాస్తిక మిత్రులు ఈ లెక్కను కొట్టిపారేయకూడదు. అది గట్టి లెక్క.

అయితే ఆ లెక్క చెప్పేది గుంపు ఆయుష్షు గురించి. మనుషుల ఆయుష్షు సంగతి వేరు. ఆ తేడా బోధన్‌లో కనిపిస్తుంది. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన మన బోధనే అంటారు చరిత్రకారులు. ఆ అశ్మక సీమలో గోదావరి ఒడ్డున ఉండే బావరి అనే బ్రాహ్మణుడు తన 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి ప్రశ్నలతో పంపాడని పాళీ గ్రంథం సుత్తనిపాతం చెబుతుంది. తర్వాత జైనం వచ్చింది. జైనులకు పోదనపురం బాహుబలి ఊరు. రాష్ట్రకూటుల కాలంలో గుడులు లేచాయి. ఊళ్లోని దేవల్ మసీదు పేరులోనే దేవళమూ ఉంది, మసీదూ ఉంది. బౌద్ధం పోయింది, జైనం చాలావరకు పోయింది, బోధన్ జనం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒకటి పోతే మరొకటి వచ్చింది కదా, ఖాళీగా ఎప్పుడున్నారు అని మీరు అడగవచ్చు. నిజమే, ఖాళీగా లేరు. కానీ వరసగా మారిన నమ్మకాల కింద మారకుండా ఉన్నది నీళ్ల అవసరం. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీరను ఆపి ఈ నేలకు చెరకు ఇచ్చింది. ఆ చెరకు మీద ఆధారపడి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది, శక్కర్‌నగర్ అనే ఊరు దాని నీడలోనే పెరిగింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ మర్నాడు కూడా బోధన్‌లో గుడి, మసీదు, చర్చి మామూలుగానే తెరుచుకున్నాయి. కార్మికుడి బతుకు దేని మీద నిలబడి ఉందో తెలియాలంటే దేనికి తాళం పడితే అతను వలస పోయాడో చూస్తే చాలు.

ఇంతమాత్రానికే మతం ఒట్టి అలంకారమని నేను తేల్చేయను. తేల్చనివ్వని చోటు ఈ డిచ్‌పల్లిలోనే ఉంది. స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషనరీలుగా 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. అప్పట్లో కుష్ఠు రోగిని ఊరు వెళ్లగొట్టేది. పూర్వజన్మ పాపమని మనవాళ్లు, పాళెం వెలుపల ఉంచమని బైబిలు పాత నిబంధన. వెలివేయడంలో గ్రంథాల మధ్య తగువేమీ లేదు. అదే బైబిలు రెండో భాగంలో ఏసు కుష్ఠు రోగిని చేత్తో ముట్టుకుంటాడు. కెర్ దంపతులు ఆ రెండో పుటను పట్టుకున్నారు. 1915లో ఇక్కడ కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. దానికి పెద్ద మొత్తం ఇచ్చినవాడు క్రైస్తవుడు కాదు, నిజామాబాద్ హిందువు రాజా నర్సాగౌడ్. రాజ్యం ముస్లిం ప్రభువుది. వైద్యం చేసినామె ఒక మతం, సొమ్ము పెట్టినాయన ఒక మతం, ఏలినాయన మరొక మతం. రోగి మతం ఏమిటో ఎవరికీ పట్టలేదు. భక్తి లేకపోతే ఆమె అంత దూరం వచ్చేదా అని అడిగితే, వచ్చేది కాదనే చెప్పాలి. మతం వైపు నేను ఇచ్చే మార్కుల్లో ఇవి పెద్దవి.

కానీ రోగం నయం చేసింది వేరే. 1873లో నార్వేలో హాన్సెన్ ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ మెరుగుపరిచిన హిడ్నోకార్పస్ నూనె సూదిమందు 1920లలో డిచ్‌పల్లికి వచ్చింది. తర్వాత డాప్సోన్, ఆ తర్వాత 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన బహుళ ఔషధ చికిత్స. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద కుష్ఠు పదివేల మందిలో ఒక్కరి కంటే తక్కువకు దిగింది. మందు వచ్చేసింది. మరి మనసు? మన దేశంలో కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలు 2019 దాకా చట్టంలో ఉండేది. క్రైస్తవ విడాకుల చట్టంలో ఉండేది, ముస్లిం వివాహాల రద్దు చట్టంలో ఉండేది, హిందూ వివాహ చట్టంలో ఉండేది. మూడూ వేటికవే ప్రత్యేకమని చెప్పుకుంటాయి, ఈ విషయంలో మాత్రం ఒక్క తల్లి పిల్లలు. మతంతో పనిలేని వాళ్ల కోసం చేసిన ప్రత్యేక వివాహ చట్టంలో కూడా అదే నిబంధన ఉండేది. మతం తీసేసినంత మాత్రాన భయం పోదని నాస్తికులు ఇక్కడ గమనించాలి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా వేధించే సంగతికి వస్తాను, కాస్త ఓపిక పట్టండి. మతం మనుగడకు అవసరం అని ఎవరన్నా అంటే, వెంటనే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఎవరి మనుగడకు? ఈ చెరకు సీమలోనే, వర్ని చుట్టుపక్కల, ఒక దళిత పిల్లకు ఊహ తెలియకముందే దేవత పేర పుస్తె కట్టి జోగినిని చేసేవారు. ఎందుకు? ఊరికి రోగం రాకుండా, వాన కురవాలని, అమ్మవారు చల్లగా చూడాలని. అంటే ఊరి మనుగడ కోసమే. ఆ పిల్ల మాత్రం పెళ్లి లేక, ఊరందరిదీ అయిపోయి, తండ్రి పేరు చెప్పుకోలేని బిడ్డలను కని బతికేది. సోసిస్ లెక్కతో చూస్తే ఆ ఊరు చక్కగా నిలిచిన సమాజమే. కట్టుబాటుంది, ఐక్యత ఉంది, తరతరాల ఆయుష్షు ఉంది. ఆ ఆయుష్షు ఖర్చంతా ఒక్క ఇంటి మీద రాసి ఉంది.

ఆ ఖాతా మూయడానికి 1980లలో ఇక్కడికి వచ్చినామె హేమలతా లవణం. మహాకవి జాషువా కూతురు, గోరా కోడలు, నాస్తికురాలు. గోరా అంటే 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోపరాజు రామచంద్రరావు. హేమలత అంతకుముందు స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడ్డవాళ్ల మధ్య పనిచేశారు; తర్వాత సంస్కార్ సంస్థతో వర్ని ప్రాంతంలో జోగినుల మధ్య పనిచేశారు, చెల్లి నిలయం నడిపారు. దేవదాసీ అంకితాన్ని నిషేధించే రాష్ట్ర చట్టం 1988లో వచ్చింది. డిచ్‌పల్లిలో రోగిని ముట్టుకున్నామె దేవుణ్ణి నమ్మింది, వర్నిలో జోగినిని అక్కున చేర్చుకున్నామె నమ్మలేదు. ఒకే జిల్లా, ఒకే రకం పని. నమ్మకమే ఆ పనికి ఏకైక ఇంధనమైతే రెండో ఆమె బండి వర్ని దాకా ఎలా నడిచింది?

అభ్యంతరాలు ఉంటాయి. జోగిని అనేది మూఢాచారం, దాన్ని మతం నెత్తిన రుద్దకండి అంటారు కొందరు. బాగుంది. కానీ ఆసుపత్రి కట్టినప్పుడు అది మతం, పిల్లకు పుస్తె కట్టినప్పుడు మూఢాచారం అంటే, లాభం దుకాణానిది, నష్టం గుమాస్తాది అన్నట్టుంటుంది. లెక్క రాస్తే రెండు వైపులా రాయాలి. దేవుణ్ణి బహిష్కరించిన స్టాలిన్ రాజ్యం ఎంతమందిని చంపిందో చూడలేదా అని ఇంకొందరు అడుగుతారు. చూశాను. అక్కడా గుంపు బతకడం కోసమే మనిషిని బలి పెట్టారు. జోగిని లెక్కే, దేవత పేరు మారింది. మరోవైపు డెన్మార్క్, స్వీడన్ లాంటి దేశాల్లో ప్రార్థనకు వెళ్లేవాళ్లు బాగా తక్కువ, అయినా అవి కుప్పకూలలేదు. అక్కడ మతం చేసే పనిలో చాలా భాగాన్ని పన్నులు, ఆసుపత్రులు, పింఛన్లు చేస్తున్నాయి. మన దగ్గర అవి సగం కూడా అందవు కాబట్టి మతం ఇంకా కొంతకాలం ఆ ఖాళీలో ఉంటుంది. రైతుకు పంట బీమా, ముసలితనానికి పింఛను సరిగ్గా అందిననాడు మొక్కులు ఎన్ని మిగులుతాయో చూడాలని నాకు ఆసక్తి. కొన్ని మిగులుతాయి. చావు ముందర ఏ ప్రభుత్వ పథకమూ పనిచేయదు, అక్కడ మనిషి పాడుకునే పాటకు నేను అడ్డు రాను.

నా తీర్పు ఇది: మనిషి జాతి మతం లేకుండా బతకగలదు. పక్కవాడి బాధ తనదనుకునే ఏర్పాటు ఏదీ లేకుండా బతకలేదు. మతం అలాంటి ఏర్పాట్లలో బాగా పాతది, చాలాసార్లు మంచిది, ఎప్పుడూ ఎవరో ఒకరిని గీత అవతల నిలబెట్టినది.

ఇక మీ సంగతి. చీవాట్లు లేకుండా స్నాతకోత్సవం ఏమిటి? పండుగ వస్తే డీజే పెట్టడంలో మీ అంత చురుకైన తరం లేదు. మతం మీద వాట్సాప్‌లో వచ్చిన ప్రతి అబద్ధాన్నీ సగం కూడా చదవకుండా నలభై మందికి పంపుతారు. నాస్తికులమనుకునే మీలో కొందరికి అమ్మ పెట్టిన బొట్టును వెక్కిరించడమే హేతువాదం. నర్సాగౌడ్ లాగా పరాయి మతం ఆసుపత్రికి డబ్బిచ్చే భక్తుడు ఎక్కడ? హేమలత లాగా బస్తీకి వెళ్లి కూర్చునే నాస్తికురాలు ఎక్కడ? రెండు వైపులా జెండాలున్నాయి, పనివాళ్లు లేరు. సరే, కోపం తెచ్చుకోకండి, పట్టాలు ఇచ్చేదాకా నేను లేచి పోయే పరిస్థితి లేదు.

మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నాయి. కొన్ని మంచి పనులూ చేస్తాయి. కానీ జరిమానా కట్టలేదనో, మాట వినలేదనో ఒక ఇంటిని, ఒక్కోసారి ఒక కులాన్నే ఊరు మొత్తం వెలివేసిందన్న వార్త పత్రికల్లో తరచూ వస్తూనే ఉంది. మాట్లాడితే జరిమానా, సరుకు అమ్మితే జరిమానా, పనికి పిలిస్తే జరిమానా. కుష్ఠు రోగి పోయాక, జోగిని పోయాక, ఊరు ఐక్యత కోసం ఇంకొకరిని వెతుక్కుంటోంది. మీలో చాలామంది ఆ ఊళ్ల నుంచే వచ్చారు, రేపు ఆ ఊళ్లకే పోతారు. అక్కడ ఎవరి ఇంటినైనా వెలేశారని తెలిస్తే, పోలీసులకు చెప్పండి, చట్టం ఉంది. కానీ అంతకంటే ముందు, ఆ సాయంత్రమే, అందరూ చూస్తుండగా వాళ్ల గడప ఎక్కి ఒక చాయ్ తాగి రండి. దేవుడి పేరు చెప్పుకుని వెళ్లినా సరే, చెప్పుకోకుండా వెళ్లినా సరే.